తుడిచేసిన బోణీ

నేను ఒక రాతిపలకను. పలక అనగానే మీకు చంకలో పెట్టుకుని బడికి వెళ్ళిన చిన్న పలక గుర్తొస్తుంది. నేను ఆ జాతిదాన్నే గానీ ఆ సైజుదాన్ని కాదు. నిలబెడితే మనిషంత ఎత్తు, పడుకోబెడితే పిల్లలు పక్క వేసుకునేంత వెడల్పు. నన్ను కదపాలంటే నలుగురు పట్టాలి, ఆ నలుగురిలో ఒకడు తప్పకుండా "ఏం తిందిరా ఇది" అంటాడు. ఏమీ తినలేదు నాయనా, జన్మంతా సుద్దపొడి తప్ప.

పుట్టింది మార్కాపురం దగ్గర. భూమిలో పొరల మధ్య పొరగా పడుకుని ఉన్నాను. అక్కడి రాతిపనివాళ్ళు పొరకీ పొరకీ నడుమ ఉలి అంచు పెట్టి, సుత్తితో చిన్నగా తడుతూ నన్ను విడదీశారు. నా పైపొరలూ కింది పొరలూ ముక్కలై చిన్న పలకలైపోయాయి. నేను ఒక్కదాన్నే పగులు లేకుండా పూర్తి ముక్కగా వచ్చాను. పనివాళ్ళందరూ చుట్టూ చేరి చూశారు. అప్పట్నుంచే నాకు కాస్త గర్వం, దాచుకోవడం దేనికి.

గోదావరి వైపు ఒక హైస్కూలు వాళ్ళు పెద్ద నల్లబల్ల కావాలంటే నన్ను నున్నగా అరగదీసి, టేకు చట్రం బిగించి, గడ్డిలో చుట్టి రైలెక్కించారు. దారిలో ఎక్కడో ఎవరో నా మీద పెట్టకూడనిది పెట్టారు. నిడదవోలు స్టేషన్లో గడ్డి విప్పేసరికి నా కుడి మూల విరిగి ఉంది. ఎంత, అరచేయంత. హెడ్మాస్టరు గారు నా చుట్టూ రెండు సార్లు తిరిగి, మూల విరిగినదాని మీద పిల్లలకి అక్షరాలు ఎలా రాయిస్తామని వెళ్ళిపోయారు. మనుషులతో ఇదే చిక్కు. తమలో ఒక్కడు కూడా ఏ మూలా విరగకుండా ఉండడు, పలక మాత్రం నాలుగు మూలలతో ఉండాలి.

అలా బడికని పుట్టినదాన్ని గూడ్సు షెడ్డు గోడకి చేరగిలబడ్డాను. అక్కడ నన్ను చూసినవాడు గన్నమని రాఘవులు గారు. అప్పుడే ఊరి చివర అల్యూమినియం గిన్నెల ఫ్యాక్టరీ పెట్టి, దానికి రేకు దింపించుకోవడానికి స్టేషనుకు వచ్చాడు. నన్ను వేలి కణుపుతో కొట్టి, మోత విని, రేకుతోపాటు బండి ఎక్కించేశాడు. విరిగిన మూల సంగతి ఆయన గమనించనే లేదు. రాఘవులు గారిలో నాకు మొదట నచ్చిన గుణం అదే. తరవాత అదే గుణం వల్ల ఆయన చాలా విషయాలు గమనించడని తెలిసింది.

నన్ను ఫ్యాక్టరీలో, పెద్ద ప్రెస్సుకు ఎదురుగా గోడకి బిగించారు. ఏ ఆర్డరు ఎప్పుడు చెయ్యాలో నా మీద రాసేవారు. రేకును గుండ్రంగా కత్తిరించేవాళ్ళకి ఒక గడి, ప్రెస్సుకు ఒక గడి, పిడులు బిగించేవాళ్ళకి ఒకటి, పాలిషుకు ఒకటి. పొద్దున్నే అందరూ వచ్చి నన్ను చూసి, ఎవరి వరస వాళ్ళు చదువుకుని పనిలోకి దిగాలి. చెప్పడానికి బాగానే ఉంది కదా. రాఘవులు గారి నోటికి మాత్రం 'లేదు' అనే మాట రాదు. ఎవరు వచ్చి అడిగినా "రేపు పంపించేత్తానండి" అనేవాడు. ఆయన రేపులన్నీ రాయాలంటే నేను నిడదవోలు నుంచి తణుకు దాకా పరుచుకోవాలి. పనివాళ్ళు పొద్దున్నే నన్ను చూసేవాళ్ళు, నిట్టూర్చేవాళ్ళు, తమకి ఏది తోస్తే అది మొదలుపెట్టేవాళ్ళు.

అప్పుడు వచ్చింది సూర్యప్రభ. లెక్కలు రాయడానికని చేరిన డిగ్రీ పిల్ల. మనిషి సన్నం, మాట సూటి, చీర కొంగు నడుముకి బిగించే ఉంటుంది. చేరిన కొన్నాళ్ళకే లెక్కలు పక్కన పెట్టి నా ముందుకొచ్చి నిలబడింది. ఒక్కో వరసా చదివి, ఇందులో అయిపోయినవేవి, వద్దనుకున్నవేవి, అసలు ఎవరూ అడగనివేవి అని అందర్నీ అడిగి, తడిగుడ్డతో తుడిచి మళ్ళీ రాసింది. నేను శుభ్రంగా ఊపిరి పీల్చుకున్నది ఆ రోజే.

ఆ అమ్మాయి దగ్గర నేను నేర్చుకున్నది ఒకటుంది. నేను రాయినే అయినా నా మీద రాసింది శిలాశాసనం కాదు. ఫ్యాక్టరీలో రాసుకున్నది ఒకటి, జరిగేది ఒకటి. కోతి ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కుతుంది. మాఘమాసం ముహూర్తాలకి సగం మంది పెళ్ళిళ్ళకి పోతారు. రేకు లారీ రాదు. అంతకు ముందు ఇలా ఏదైనా జరిగితే అందరూ బయటికొచ్చి బీడీలు కాల్చుకుంటూ దేవుణ్ణి తిట్టేవాళ్ళు. సూర్యప్రభ మాత్రం సుద్దముక్క పట్టుకుని, ఏది ఆగిందో చూసి, దాని వల్ల చేతులు ఖాళీ అయినవాళ్ళకి ఈలోగా ఏ పని ఇవ్వచ్చో ఆలోచించేది. పిడులు బిగించడానికి సుత్తి చాలు, కరెంటు అక్కర్లేదు. అందుకని ఆ పనిని ఎప్పుడూ కొంచెం మిగిల్చి ఉంచేది. కరెంటు పోగానే ఆ వరస పైకి తెచ్చి రాసేది. 'కరెంటు పోతే పిడులు' అనేది మా ఫ్యాక్టరీలో సామెత అయిపోయింది. ఇంట్లో పెళ్ళాం అలిగినా మగాళ్ళు అదే మాట అనుకుని అంట్లు తోమడానికి లేచేవాళ్ళట.

అయితే నా మీద సూర్యప్రభ కూడా తుడవకూడని వరస ఒకటి ఉండేది. అన్నిటికన్నా పైన, పక్కన పసుపు బొట్టుతో. అది బోణీ వరస.

బోణీ మీకు తెలియనిది కాదు. కొట్టు తెరవగానే మొదటి బేరం బాగుంటే రోజంతా బాగుంటుందని. రాఘవులు గారు దాన్ని నెలకి సాగదీశాడు. ఆ నెలలో మొదట వచ్చిన ఆర్డరు బోణీ. దాన్ని పై వరసలో రాస్తారు. దాని అచ్చును పెద్ద ప్రెస్సుకి ఎక్కిస్తారు. ఆ పని పూర్తయి సరుకు గేటు దాటేదాకా ఆ అచ్చు దింపకూడదు, ఆ వరస తుడవకూడదు. ఎందుకంటే మొదట్లో ఒకసారి బోణీ అచ్చు మధ్యలో దింపారట, ఆ వారమే గాలివాన వచ్చి షెడ్డు కప్పు ఎగిరిపోయిందట. ఆ గాలివాన కాకినాడ నుంచి ఇక్కడిదాకా ఎందరి కప్పులనో ఎగరేసింది. వాళ్ళెవరూ ఏ అచ్చూ దింపినవాళ్ళు కారు. కానీ ఆ మాట రాఘవులు గారితో ఎవరంటారు?

ఏళ్ళ తరబడి ఆ వరస ఎవరికీ అడ్డం రాలేదు. వచ్చింది ఒక్కసారే. నేను మీకు చెప్పాలనుకున్నది ఆ దసరా సంగతే.

ఆ శ్రావణంలో గోదావరి పెద్దగా వచ్చింది. నది మధ్య లంకలో ఆడపిల్లల హాస్టలు ఒకటుంది. నీళ్ళు దాని వంటింటి కిటికీల దాకా వచ్చి, గిన్నె, గరిట, మూత ఏదీ మిగలకుండా పట్టుకుపోయాయి. పిల్లల్ని ఇళ్ళకి పంపేశారు. వరద తీశాక ఆ హాస్టలు వార్డెన్ సువార్త గారు పంటు మీద గోదావరి దాటి మా ఫ్యాక్టరీకి వచ్చింది. పొట్టిగా, గట్టిగా ఉండే మనిషి, చేతిలో గొడుగు, కాళ్ళకి ఇంకా ఒండ్రు. పళ్ళేలు, గ్లాసులు, అన్నం వండే పెద్ద గుండిగలు కావాలంది. రాఘవులు గారు అలవాటు ప్రకారం రేపు పంపించేస్తానన్నాడు. ఆవిడ వెంటనే లేవలేదు.

"రేపు కాపోయినా ఫర్లేదండి. దసరా సెలవులైన సోమవారానికి మాత్తరం పొయ్యి ఎలగాలి. ఎలక్కపోతే పిల్లల్ని టవును హాస్టల్లో కలిపేత్తామని పై ఆఫీసరు గారు రాసేసారండి. ఊరి దగ్గిరని పంపుతున్నారు గానీ, అంత దూరమంటే సగంమంది పుస్తకాలు అటకెక్కించేత్తారు. ఆళ్ళమ్మల్ని నేనెరుగుదునండి."

రాఘవులు గారు ఈసారి రేపు అనలేదు. ఆ సోమవారానికి ఇస్తానని మాటిచ్చాడు. నేను విన్నాను. సూర్యప్రభ కూడా విని, హాస్టలు పేరు బోణీ కింద, రెండో వరసలో రాసింది.

ఇక్కడ మీకు మా ప్రెస్సుల సంగతి చెప్పాలి. చిన్న ప్రెస్సు మీద పళ్ళేలూ గ్లాసులూ అవుతాయి. గుండిగలు కావాలంటే పెద్ద ప్రెస్సు తప్ప దిక్కులేదు. ఆ నెల బోణీ తణుకులో ఒక మిఠాయి కొట్టువాళ్ళది. దీపావళికి మిఠాయిలు పేర్చుకునే పెద్ద ట్రేలు. వాటి అచ్చు పెద్ద ప్రెస్సుకి ఎక్కించి ఉంది. కానీ ఆ ట్రేలకి కావాల్సిన వెడల్పు రేకు మా దగ్గర లేదు. దాన్ని తెచ్చే లారీ, ఉత్తరాన ఎక్కడో వరదకి వంతెన దెబ్బతింటే, దారిలో నిలిచిపోయింది. అంటే ట్రేలు చేద్దామంటే రేకు లేదు. గుండిగలకి దళసరి రేకు గోడవారన పేర్చి ఉంది, ప్రెస్సు ఖాళీ లేదు. ఖాళీ లేదంటే పని చేస్తోందని కాదు. ట్రే అచ్చు నోట కరుచుకుని ఊరికే కూర్చుంది. దాన్ని నడిపే గంగాచలం రోజూ దాన్ని తుడిచేవాడు, దానికి ఎదురుగా కూర్చుని టీ తాగేవాడు, మళ్ళీ తుడిచేవాడు.

పళ్ళేలయ్యాయి, గ్లాసులయ్యాయి. గుండిగలకి బిళ్ళలు కత్తిరించి పెట్టారు. పిడులు కూడా సిద్ధం. లారీ రాలేదు. తినడానికి కంచాలుండి వండటానికి గిన్నె లేని సంసారమైపోయింది హాస్టలుది. నవరాత్రులు మొదలయ్యాయి.

సూర్యప్రభ రాఘవులు గారి ముందు నిలబడి నెమ్మదిగానే చెప్పింది. అచ్చు మార్చడానికి ఒక పూట పడుతుంది, ట్రేలకి దీపావళి దాకా సమయముంది, హాస్టలుకి లేదు, అచ్చు దింపిద్దామంది. రాఘవులు గారి మొహం పాలిపోయింది. ఆయన చెడ్డవాడు కాదు. ఆయనకి పిల్లల మీదా జాలే, కప్పు మీదా భయమే.

"లారీ ఇయ్యాలో రేపో వచ్చేత్తాదమ్మా. ట్రేలు గబగబా లాగేసి నీ గుండిగలు ఎక్కించేద్దాం. బోణీ అచ్చు దింపమని మాత్రం నన్నడక్కు."

పోనీ ఆ మిఠాయి కొట్టాయనకి ఫోన్ చేసి ఒక మాట అడుగుదామంది. బోణీ ఇచ్చిన మనిషికి ఫోన్ చేసి నీ పని ఆపుతున్నానంటే మళ్ళీ ఈ గుమ్మం తొక్కుతాడా అని ఆయన కొట్టిపారేశాడు. ఆమె నా దగ్గరికొచ్చి తడిగుడ్డ చేతిలోకి తీసుకుంది. బోణీ వరస దాకా ఎత్తింది. మళ్ళీ దించేసింది. పెద్దాయన వెనక ఆయన మాట తుడిచేసే రకం కాదు ఆమె. ఆ రోజు సూర్యప్రభ కళ్ళల్లో నీళ్ళు చూశాను. రాతిదాన్ని, ఏం చెయ్యగలను? నా వరసలు నేను మార్చుకోలేను కదా.

ఆ సాయంత్రం రాఘవులు గారి భార్య మంగతాయారు గారు వచ్చింది, ఆయుధపూజకి ఏం కావాలో చూసుకోవడానికి. ఏటా మహర్నవమికి యంత్రాలకి పూజ చేసేది ఆవిడే. పెద్ద ప్రెస్సు ఊరికే ఎందుకుందని సూర్యప్రభను అడిగింది. సూర్యప్రభ అంతా చెప్పింది, వార్డెన్ గారు చెప్పిన మాటతో సహా. అంతా విని తాయారు గారు, పిల్లలు ఇప్పుడెక్కడున్నారని మాత్రం అడిగింది. ఇళ్ళ దగ్గరున్నారని, కొందరు అప్పుడే అరటి గెలలు మొయ్యడానికి వెళ్తున్నారట అని సూర్యప్రభ చెబితే, గుమ్మానికి మామిడి తోరణం ఎంత పొడుగు కావాలో కొలుచుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు మహర్నవమి. ఆయుధపూజ రోజు మా ఫ్యాక్టరీ చూడాలి. యంత్రాలు ఆగుతాయి. ప్రెస్సు నుంచి పటకారు దాకా అన్నీ కడిగి, నూనె రాసి, పసుపు కుంకుమలు పెట్టి, బంతిపూలు చుడతారు. ఏడాదంతా బూతులు తిట్టిన లేతు మిషనుకి ఆ రోజు చేతులు జోడిస్తారు. నన్ను మాత్రం ఎప్పుడూ ఎవరూ ఒక పనిముట్టుగా చూడలేదు. గోడలో భాగం అనుకునేవారు. కొంచెం మనసు కష్టంగానే ఉండేది.

ఆ ఏడాది తాయారు గారు ప్రెస్సుకు బొట్టు పెట్టి, వెనక్కి తిరిగి, సరాసరి నా ముందుకొచ్చింది. చేతిలో తడిగుడ్డ, పక్కన చెంబుతో నీళ్ళు.  పెదాలు కదుపుతూ పై వరస చదివింది. తరవాత చెయ్యెత్తి ఆ వరస దగ్గరే మొదలుపెట్టి, కిందిదాకా మొత్తం తుడిచేసింది.

వెనక పూలబుట్ట పట్టుకున్న గంగాచలం "అమ్మగారూ, బోణీ..." అన్నాడు.

"పనిముట్టన్నాక కడక్కుండా పూజేంటి గంగాచలం? మాసిన మొహానికి బొట్టు పెడతామా?" అందావిడ.

అంతటితో ఊరుకోలేదు. ఇనప సామాన్లన్నిటికీ రాసినట్టే నాకూ నువ్వులనూనె పట్టించింది, మూలమూలకీ, విరిగిన మూలకి కూడా. నిలువునా పసుపు పూసి, మధ్యలో ఇంత కుంకుమ బొట్టు పెట్టింది. కొబ్బరికాయ పట్టుకుని లోపలికొచ్చిన రాఘవులు గారు నన్ను చూసి ఉన్నచోటే నిలబడిపోయాడు. ఎవరైనా పనివాడు చేసి ఉంటే ఆ రోజు పూజ ఎలా ఉండేదో! ఇంటి ఇల్లాలు, పండగ పూట, పూజ పేరుతో చేసింది. ఏమంటాడు? "కొట్టండి మరి, చూత్తారేంటి" అందావిడ. కొట్టాడు. కాయ సరిగ్గా మధ్యకి పగిలింది. అందరూ ఆయన మొహం వంక చూడకుండా కొబ్బరిచెక్కల వంక చూశారు.

ఆవిడ తెలియక తుడిచేసిందని ఫ్యాక్టరీ అంతా ఈనాటికీ అనుకుంటుంది. చదివి తుడిచిందని నాకు తెలుసు. నూనె మాత్రం నిజంగానే పొరపాటు.

ఆ పొరపాటు విజయదశమి పొద్దున బయటపడింది. ఆ రోజు పనివాళ్ళు వచ్చి యంత్రాలు ఒకసారి తిప్పి, ప్రసాదం తీసుకుని వెళ్ళిపోవడం ఆనవాయితీ. సూర్యప్రభ వరసలన్నీ తిరిగి రాద్దామని సుద్దముక్క తీసుకుంది. సుద్ద జారిపోయింది. గట్టిగా నొక్కితే విరిగింది. నీళ్ళు చల్లితే తామరాకు మీద పోసినట్టు జారి కింద పడ్డాయి. గంగాచలం టీ పొయ్యిలో బూడిద తెచ్చి రుద్దాడు. పాలిషువాళ్ళు రంపపు పొట్టు తెచ్చారు. ఆఖరికి ఎవరో ఇంటికి పరిగెత్తి కుంకుడుకాయలు కొట్టుకొచ్చారు. నాకు తలంటు మొదలైంది. ముందురోజు దేవత, మర్నాడు బురదలో దొర్లిన గేదె. మనుషుల మర్యాదలు ఇలాగే ఉంటాయి, నేనేమీ నొచ్చుకోలేదు. హాయిగానే ఉంది.

నేను ఆరేదాకా చదవడానికి ఏమీ లేదు, అందుకని వాళ్ళు మాట్లాడుకోవాల్సి వచ్చింది. ఎవరి చేతిలో ఏముందో, ఎక్కడిదాకా వచ్చిందో సూర్యప్రభ ఒక్కొక్కరినీ అడిగింది. కత్తిరింపువాళ్ళు గుండిగల బిళ్ళలు కాళ్ళకడ్డం వస్తున్నాయన్నారు. పిడులవాళ్ళు తమ పిడులు గుండిగల కోసం ఎదురు చూస్తున్నాయన్నారు. పాలిషువాళ్ళు తమకి అసలు పనే లేదన్నారు. ఏ దారిన మొదలుపెట్టినా మాట తిరిగి తిరిగి పెద్ద ప్రెస్సు దగ్గర ఆగుతోంది. చివరికి అందరూ గంగాచలం వంక చూశారు.

"అచ్చు దింపడానికి నాకు చేతులున్నాయండి. మాట లేదు" అన్నాడతను, రాఘవులు గారికి వినపడేట్టే.

రాఘవులు గారు గేటు ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఆయన బాధ ఇంకోరకం. బోణీ ఆయన దింపలేదు, దానంతటదే పోయింది. ఇప్పుడు ఆయన చట్టం ప్రకారమే, పండగ పొద్దున, ఖాళీ పలక మీద, మొదట గుమ్మం దాటి పని అడిగినవాళ్ళదే కొత్త బోణీ. ఆ వచ్చేదేదో మిఠాయి కొట్టాయనే వస్తే ఏ గొడవా ఉండదని ఆయన ఆశ. కళ్ళు రోడ్డు మీదే ఉన్నాయి. దసరా నాడు మిఠాయి కొట్టువాడు కొట్టు వదిలి వస్తాడా?

గేటు దగ్గర ఆటో ఆగింది. ముందు గొడుగు దిగింది, తరవాత సువార్త గారు దిగింది.

"పండగ పూట ఇబ్బంది పెడతన్నానేమోనండి. సోమారం దగ్గిరికొచ్చేసింది. మనసాగక వచ్చేసేను" అందావిడ గేటు బయటే నిలబడి.

లోపల కుంకుడు నురగ చేతులతో, రంపపు పొట్టు మొహాలతో అందరూ ఆవిడనే చూస్తున్నారు. తానేదో తప్పు చేశానని ఆవిడ భయపడి ఒక అడుగు వెనక్కి వేసింది. రాఘవులు గారు గబుక్కున కుర్చీలోంచి లేచాడు. ఆవిడని చూశాడు, నన్ను చూశాడు, గుమ్మం పక్కన నిలబడ్డ తాయారు గారిని చూశాడు. ఆవిడ తోరణంలో ఒక ఆకు సరిచేసుకుంటోంది.

"ఎనక్కెళ్ళకండమ్మా. రండి. కుడికాలు పెట్టి లోపలికి రండి" అన్నాడు.

ఆవిడకి ఏమీ అర్థం కాలేదు గానీ కుడికాలే పెట్టింది. రాఘవులు గారు సూర్యప్రభ చేతిలోంచి సుద్ద తీసుకున్నాడు. నేను ఇంకా పూర్తిగా ఆరలేదు. అయినా ఆయన నొక్కి రాశాడు. లంక హాస్టలు, గుండిగలు. ఆయన చేతిరాత కోడిగెలుకుడు. కానీ నా మీద ఇన్నేళ్ళలో రాసినవాటిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన వరస అదే. పసుపు బొట్టు పెట్టేలోపే గంగాచలం పానాతో అచ్చు కిందికి దూరిపోయాడు.

ఆ రోజు ప్రసాదం తీసుకుని ఎవరూ ఇంటికి పోలేదు. ట్రే అచ్చు దిగింది, గుండిగ అచ్చు ఎక్కింది. అంతా నల్లేరు మీద బండి నడక అనుకోకండి. రెండో రోజు కరెంటు పోయింది. పిడులు ముందుకొచ్చాయి. పాలిషు బఫ్ చక్రం ఒకటి అరిగిపోయింది. లోపల వండేదానికి బయట మెరుపెందుకని సువార్త గారే అనడంతో ఆ వరస సగం చెరిగింది. సూర్యప్రభ నన్ను తుడవడం, రాయడం, మళ్ళీ తుడవడం. ఒక్కోసారి నా తడి ఆరకముందే మళ్ళీ రాసేది. ఆ నాలుగైదు రోజులూ నేను పడ్డ సుఖం చెప్పలేను. పలకన్నాక తుడుస్తూ ఉండాలి. తుడవకుండా పెడితే అది పలక కాదు, సమాధిరాయి.

చివరి గుండిగకి పిడి బిగిస్తుండగా గేటు ముందు లారీ హారన్ మోగింది. మిఠాయి ట్రేల రేకు. అందరూ రాఘవులు గారి వంక చూశారు. ఆయన లారీ వంక ఒకసారి చూసి, "దింపి పక్కనెట్టండి. దానికి దీపావళి దాకా టైముంది" అన్నాడు, ఆ మాట మొదట్నుంచీ తనదే అయినట్టు. తరవాతి వారం మిఠాయి కొట్టాయన తానే వచ్చాడు. తాను ఆ నెల బోణీ అన్న సంగతి ఆయనకి తెలియనే తెలియదట. కందకు లేని దురద కత్తిపీటకెందుకు అన్నట్టు, ఇన్నాళ్ళూ ఆయన తరఫున మా ఫ్యాక్టరీ గోక్కుంది.

ఆదివారం గుండిగలు ట్రాక్టరెక్కి వెళ్ళిపోయాయి. పంటు మీద గోదావరి దాటాయని విన్నాను. సోమవారం పొయ్యి వెలిగిందని, పిల్లలు తిరిగి వచ్చారని, రాని ముగ్గురి ఇళ్ళకి సువార్త గారే వెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చిందని కబురొచ్చింది. షెడ్డు కప్పు ఎగరలేదు. ఆ తరవాత ఎవరడిగినా రాఘవులు గారు, బోణీ అంటే ముందొచ్చినవాళ్ళు కాదండి, ముందు కావాల్సినవాళ్ళు అని చెప్పేవాడు. తాయారు గారు ఏటా మహర్నవమికి నన్ను మొత్తం కడగడం ఆచారమైపోయింది. నూనె మాత్రం సూర్యప్రభ ముట్టుకోనిచ్చేది కాదు.

తరవాత చాలా కాలం గడిచింది. ఆ దంపతులిద్దరూ నిండుగా బతికి వెళ్ళిపోయారు. ఫ్యాక్టరీ బాధ్యత సూర్యప్రభ చేతికి వచ్చింది. ఆమె జుట్టు నా రంగు నుంచి సుద్ద రంగుకి వచ్చాక, నా స్థానంలో పెద్ద టీవీలాంటి తెర తెచ్చింది. లారీ ఎక్కడ ఆగిందో, ఏ ప్రెస్సు ఖాళీయో అదే చూపిస్తుంది, వేలితో తోస్తే వరసలు మారిపోతాయి. మంచిదే. నా మీద రాసీ రాసీ ఆమె భుజం నొప్పెట్టడం నేను చూస్తూనే ఉన్నాను. పాతదాన్నయ్యానని నాకు కోపం రాలేదు. నన్ను పగలగొట్టి అరుగుకు పరుస్తారేమోనని మాత్రం బెంగగా ఉండేది. ఆమె నన్ను గోడ నుంచి విప్పించి, ఆ రోజు గుండిగలు వెళ్ళిన దారినే పంపించింది.

ఇప్పుడు నేను లంక హాస్టలు వంటింటి గోడకి ఉన్నాను. బడికని పుట్టినదాన్ని ఇన్నాళ్ళకి బడిపిల్లల మధ్యకి చేరాను. విరిగిన మూల గురించి ఎవరూ అడగలేదు. ఒక పిల్ల అక్కడ రిబ్బను తగిలిస్తుంది. సువార్త గారు రిటైరైంది. ఇప్పుడున్న వార్డెన్ అప్పటి పిల్లల్లో ఒకతె. ఆ రోజు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చిన ముగ్గురిలో తానూ ఉన్నానని వంటమనిషితో చెబుతుంటే విన్నాను. పొద్దున్నే నా మీద ఆ రోజు వంట రాస్తారు. ఇక్కడ కూడా రాసుకున్నది ఒకటి, జరిగేది ఒకటి. పంటు ఆలస్యమై కూరలు రావు. వార్డెన్ వచ్చి వంకాయ కూర తుడిచేసి పప్పుచారు రాస్తుంది. పిల్లలందరూ ఒకేసారి ఉసూరుమంటారు. ఆ ఉసూరుమనడం కూడా నాకు బాగుంటుంది.

మొదటి రోజు నన్ను బిగించాక పక్కకి చూశాను. పొయ్యి మీద గుండిగ. అడుగు నల్లబడింది, అంచు సొట్టపోయింది, పిడి మాత్రం గట్టిగా ఉంది. మావాళ్ళ పిడి కదూ. ఏళ్ళ తరబడి గుండిగలు అన్న మాటే మోశాను గానీ, మా గేటు దాటే ప్రతిదీ ఖాళీగానే వెళ్ళేది. నిండిన గుండిగను నేను ఎన్నడూ చూడలేదు. వంటమనిషి మూత తీసింది. అన్నం ఆవిరి వచ్చి నన్ను తాకింది, నా మీది కింది వరస తడిసి చెరిగిపోయింది. ఒక పిల్ల వచ్చి, లంగాతో తుడిచి, మళ్ళీ రాసింది.